నిల్వ సరుకుకు గళ్ళ కాగితం లెక్క

అద్దంకి: మిరప కోతలు ముగిసి, కల్లాల్లో కాయ ఎండి, టిక్కీలు కుట్టే రోజులు వచ్చేసరికి ఈ ప్రాంతపు రైతులకూ, వ్యాపారులకూ ఏటా ఎదురయ్యే ప్రశ్న ఒకటే. సరుకును గుంటూరు యార్డుకు తోలి ఆనాటి ధారణకు అమ్ముకోవాలా, లేక శీతల గిడ్డంగిలో పెట్టి ఆగాలా? సాగర్ కుడికాలువ అద్దంకి బ్రాంచి కింద పండిన కాయ అయినా, బోర్ల కింద పండిన కాయ అయినా ఈ ప్రశ్న తప్పదు. దీనికి సాధారణంగా నోటిలెక్కతోనే జవాబు చెప్పుకొంటారు. "నెలకు రెండొందలు పెరిగితే చాలు, గిట్టుబాటవుతుంది" అని ఒకరంటే, "అద్దె వుంది, హమాలీ వుంది, వడ్డీ వుంది, రెండొందలు ఏ మూలకు?" అని ఇంకొకరు అంటారు. ఇద్దరి మాటా కొంతవరకు నిజమే. ఇద్దరూ ఒక్కొక్కసారి నష్టపోవడం కూడా నిజమే.

కారణం, ఈ లెక్కలో రెండు రకాల సొమ్ము కలిసిపోయి వుండడం. ఒకటి, సరుకు గిడ్డంగి గడప దాటగానే ఒక్కసారిగా పడే ఖర్చు. రెండవది, రోజులు గడిచేకొద్దీ నడిచే ఖర్చు. నోటిలెక్కలో ఈ రెండూ ఒకే మూటలో పడతాయి. హైస్కూలు గణితంలో చెప్పే సరళరేఖ ఈ రెండింటినీ విడదీసి కంటికి చూపిస్తుంది. పదో తరగతి పిల్లవాడు మార్కుల కోసం గీసే ఆ గీత, కమీషన్ కొట్టులో ఆవర్జా పక్కన వుండదగిన వస్తువు. దానికి కావలసినది గళ్ళ కాగితం, స్కేలు, సన్నగా చెక్కిన పెన్సిలు.

గీత గీయడానికి ముందు లెక్క తేల్చుకోవాలి. మిరప క్వింటాలు రు. 12,000 ధర వున్నరోజున, ఏప్రిల్ మొదట్లో, గిడ్డంగిలో పెట్టారనుకుంటే (ఈ అంకెలు ఉదాహరణ కోసమే, ఎవరి అంకెలు వారు వేసుకోవాలి), అద్దె, ఎగుమతి దిగుమతి హమాలీ, బీమా, బండి కిరాయి అన్నీ కలిపి క్వింటాలుకు రు. 500 అని లెక్క. శీతల గిడ్డంగుల్లో అద్దె సాధారణంగా నెలవారీ కాదు. సీజను మొత్తానికి టిక్కీకి ఇంత అని వుంటుంది. కాబట్టి నెల వుంచినా, ఎనిమిది నెలలు వుంచినా ఆ రు. 500 మారదు. ఇక పెట్టుబడి మీద వడ్డీ. నూటికి నెలకు రూపాయిన్నర చొప్పున రు. 12,000 మీద నెలకు రు. 180. అప్పుడు సరుకు మీద పడిన మొత్తం సొమ్ము ఇలా వస్తుంది:

మొత్తం = 12,500 + 180 × నెలలు

ఇదే సమీకరణం. ఇందులో మారేవి రెండే, నెలలు, మొత్తం. మారేవి రెండే అయినపుడు, ఒకటి నిలకడగా పెరుగుతూంటే రెండవది కూడా నిలకడగా పెరుగుతూ వుంటే, కాగితం మీద అది తిన్నని గీతే అవుతుంది.

కాగితం మీద పెట్టే తీరు

గ్రాఫు కాగితానికి ఎడమచేతి వైపు ఒక నిలువు గీత, కింద ఒక అడ్డగీత గీయాలి. అడ్డగీత మీద నెలలు, నిలువు గీత మీద రూపాయలు. అడ్డంగా సెంటీమీటరుకు ఒక నెల, నిలువుగా సెంటీమీటరుకు రు. 200 పెట్టుకుంటే పది నెలల లెక్క ఒక కాగితంలో సులువుగా ఇముడుతుంది. నిలువు గీతను సున్నాతో మొదలుపెడితే మాత్రం ఇమడదు; 12,000 వరకు అరవై సెంటీమీటర్లు ఊరికే పోతాయి. అందుచేత అడుగున 12,000 వేసి అక్కడినుంచి లెక్కించాలి. అలా కింది భాగం కోసేసిన సంగతి గుర్తుండేందుకు నిలువు గీత మొదట్లో చిన్న మెలిక గీసి పెట్టుకోవడం అలవాటు.

మొదటి పద్ధతి పట్టీ వేయడం. నెలలకు ఏవో కొన్ని విలువలు తీసుకొని, ఒక్కొక్కదానికి మొత్తం కట్టాలి. సున్నా నెలలకు 12,500. అయిదు నెలలకు 900 కలిసి 13,400. పది నెలలకు 1,800 కలిసి 14,300. సున్నా దగ్గర అడుగునుంచి రెండున్నర సెంటీమీటర్ల ఎత్తులో ఒక చుక్క, అయిదో నెల మీద ఏడు సెంటీమీటర్ల ఎత్తులో ఒక చుక్క, పదో నెల మీద పదకొండున్నర సెంటీమీటర్ల ఎత్తులో ఒక చుక్క పెట్టి, స్కేలు ఆనించి గీత లాగాలి.

తిన్నని గీతకు రెండు చుక్కలు చాలు. మూడవది ఎందుకంటే తనిఖీ కోసం. మూడు చుక్కలూ స్కేలు అంచుకు రాకపోతే, ఎక్కడో కూడికలో తప్పు వుందన్నమాట. చిట్టా మొత్తాన్ని పైనుంచి కిందికి కూడి, మళ్ళీ కిందినుంచి పైకి కూడి సరిచూసుకొనే గుమాస్తాకు ఈ జాగ్రత్త కొత్త కాదు.

రెండవ పద్ధతిలో పట్టీతో పని లేదు. సమీకరణంలోని రెండు అంకెలే గీతను చెబుతాయి. 12,500 అన్నది గీత నిలువు గీతను తాకే చోటు. 180 అన్నది గీత వాలు, అంటే ఒక నెల కుడికి జరిగితే గీత ఎంత పైకెక్కుతుందో ఆ కొలత. 12,500 దగ్గర పెన్సిలు పెట్టి, పది నెలలు కుడికి, రు. 1,800 పైకి పోయి, అక్కడ చుక్క పెట్టి కలిపితే చాలు. ఒక నెల కుడికి, 180 పైకి అని చిన్న అడుగు వేసి గీత లాగితే కుదరదు. పెన్సిలు మొన మందం తేడా వచ్చినా పదో నెల దగ్గరకు పోయేసరికి గీత వంద రూపాయలు పక్కకు పోతుంది. అడుగు ఎంత పెద్దదైతే గీత అంత నమ్మకం.

వ్యాపారికి ఎక్కువ ఉపయోగపడేది ఈ రెండవ పద్ధతే. ఏ సొమ్ము ఎక్కడ కూర్చుందో దీనిలో విడివిడిగా తెలుస్తుంది. నిలువు గీతను తాకే చోట పడేసిన సొమ్ము కూర్చుంటుంది. వాలులో నడిచే సొమ్ము వుంటుంది. గిడ్డంగి అద్దె పెంచితే గీత మొత్తం, వాలు మారకుండా, ఉన్నపళంగా పైకి జరుగుతుంది. వడ్డీ పెరిగితే మొదటి చుక్క కదలదు, గీత నిక్కుతుంది.

వడ్డీ వాలు

ఒకే రోజున ఒకే ధరకు సరుకు పెట్టిన ముగ్గురిని తీసుకుంటే ఈ తేడా బాగా తెలుస్తుంది. ఒకరిది రూపాయిన్నర వడ్డీ సొమ్ము. ఇంకొకరిది రెండు రూపాయల వడ్డీ, నెలకు రు. 240. మూడవవారు గిడ్డంగి రసీదు మీద బ్యాంకులో అప్పు తీసుకున్నారు. బ్యాంకువారు సరుకు విలువ మొత్తానికి ఇవ్వరు, కొంత మార్జిన్ పట్టుకొంటారు. విలువలో ముప్పాతిక, అంటే రు. 9,000 నూటికి నెలకు ముప్పావలా చొప్పున (సాలుకు 9 శాతం) ఇచ్చారనుకుంటే దాని వడ్డీ రు. 67.50. మిగిలిన రు. 3,000 సొంత సొమ్ము. దానికీ రూపాయిన్నర వడ్డీ కట్టవలసిందే, ఎందుకంటే ఆ సొమ్ము వేరేచోట తిరిగితే అంత తెచ్చేది. అది రు. 45. రెండూ కలిపి నెలకు రు. 112.50.

కాగితం మీద మూడు గీతలూ 12,500 అనే ఒకే చుక్క దగ్గర బయలుదేరి విసనకర్రలా విచ్చుకుంటాయి. పదో నెలకు బ్యాంకు గీత 13,625 దగ్గర, రూపాయిన్నర గీత 14,300 దగ్గర, రెండు రూపాయల గీత 14,900 దగ్గర వుంటాయి. మొదటి నెలలో కంటికి ఆనని తేడా చివరకు క్వింటాలుకు రు. 1,275. టిక్కీకి 45 కిలోలు చొప్పున వంద టిక్కీల మీద, అంటే 45 క్వింటాళ్ళ మీద, అది రు. 57,375. సరుకు ఒకటే, గిడ్డంగి ఒకటే.

ఇక్కడ తెలుగు మాటే ఒక గణిత సూత్రం చెబుతున్నది. బారువడ్డీ అంటే బారుగా, తిన్నగా పోయే వడ్డీ; దాని గీత సరళరేఖ. చక్రవడ్డీకి సరళరేఖ రాదు, గీత నెలనెలకూ కొంచెంగా పైకి వంగుతుంది. రు. 12,000 మీద రూపాయిన్నర చొప్పున ఎనిమిది నెలలకు బారువడ్డీ రు. 1,440 అయితే, నెలకొకసారి అసలులో కలిపే చక్రవడ్డీ రు. 1,518 దాకా వస్తుంది. తేడా రు. 78. ఒక సీజను నిల్వకు సరళరేఖ గీసి సరిపెట్టుకోవచ్చు. రెండు మూడేళ్ళ పాత బాకీకి మాత్రం స్కేలు పనికిరాదు.

ఎక్కడ కలుస్తాయి

ఖర్చు గీత ఒక్కటే వుంటే అది సగం లెక్క. ధర గీత కూడా గీయాలి. నేటి ధర 12,000 నుంచి నెలకు రు. 280 చొప్పున పెరుగుతుందని ఒక వ్యాపారి అంచనా అనుకుంటే, ధర = 12,000 + 280 × నెలలు. ఇది కాగితం అడుగున మూలలో బయలుదేరి, ఖర్చు గీతలకన్నా నిటారుగా ఎక్కుతుంది. రూపాయిన్నర గీతను అయిదో నెలలో, 13,400 దగ్గర కలుస్తుంది. ఆ చుక్కకు ఎడమవైపు అమ్మితే నష్టం, కుడివైపు అమ్మితే లాభం. బ్యాంకు గీతను ధర గీత మూడో నెలలోనే అందుకుంటుంది.

రెండు రూపాయల గీత సంగతి వేరు. 280కి 240కి తేడా నలభయ్యే. మొదట్లో పడిన రు. 500 నెలకు నలభై చొప్పున తీరాలంటే పన్నెండున్నర నెలలు కావాలి. అప్పటికి వచ్చే ఏటి కొత్త కాయ యార్డుకు వచ్చి, కోతల సీజను కూడా ముగింపుకు వస్తుంది. కాగితం మీద పదో నెల దగ్గర, అంటే జనవరి చివర, ఒక నిలువు గీత గీసి "కొత్త కాయ" అని రాసుకుంటే ఈ సంగతి చూడగానే తెలుస్తుంది. రెండు గీతలు కలిసే చోటు ఆ నిలువు గీతకు అవతల పడింది. అర్ధరూపాయి వడ్డీ తేడా క్వింటాలుకు నెలకు అరవై రూపాయలే. ఆ అరవై, గిట్టుబాటు రోజును వినాయక చవితి సమయంనుంచి వచ్చే ఏడు ఉగాది దాటేదాకా తోసింది.

ఆ నిలువు గీత కూడా సరళరేఖే. అందులో నెల ఒకటే, రూపాయలు ఎన్నయినా కావచ్చు; దానికి వాలు చెప్పలేము. బ్యాంకు అప్పు గడువు తేదీ కూడా అలాంటి నిలువు గీతే. ధర ఎంత వున్నా ఆ రోజు ఆ రోజే. గడువు గీత, కలిసే చుక్కకు ఎడమన పడితే అప్పు తిరగరాయించుకోవడమో, నష్టానికి అమ్మడమో తప్ప మూడో దారి వుండదు.

280, 240 వాలులున్న గీతల్లా దాదాపు పక్కపక్కనే పోయే గీతలు ఎక్కడ కలిశాయో పెన్సిలుతో చెప్పడం కష్టం. చాలా దూరం ఒకదానిమీద ఒకటి పడుకొని వుంటాయి. అలాంటి చోట గీతను నమ్మక, 500ను 40తో భాగించి చూసుకోవాలి. కాగితం దారి చూపిస్తుంది, అణా పైసలు మాత్రం అంకెలే తేల్చాలి. ధర నెలకు రు. 180 మాత్రమే పెరిగే పక్షంలో ధర గీతకూ రూపాయిన్నర గీతకూ వాలు ఒకటే. రెండూ ఎడ్లబండి చాళ్ళలా ఎంత దూరం పోయినా కలవవు, రు. 500 తేడా అలాగే వుంటుంది. మొదట్లో చెప్పిన "నెలకు రెండొందలు" వాదనకు జవాబు ఇక్కడ వుంది. రూపాయిన్నర వడ్డీకి రెండొందలు వడ్డీ మీద నెలకు ఇరవై మిగులుస్తుంది, 500 తీరడానికి ఇరవై అయిదు నెలలు పడుతుంది.

ధర గీత కాదు

ఖర్చు గీతను సిరాతో గీయవచ్చు. వడ్డీ, అద్దె ముందే మాట్లాడుకున్నవి కాబట్టి ఆ గీత తప్పదు. ధర గీత మాత్రం వ్యాపారి మనసులోది. అసలు ధర తిన్నగా పోదు. 2023లో క్వింటాలు రు. 20,000 దాటి పలికిన గుంటూరు మిరప, 2025 ఫిబ్రవరి నాటికి ఎంతకు దిగిందంటే, కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు రు. 11,781 ప్రకటించవలసి వచ్చింది. 2023 ధరలనుంచి స్కేలు పెట్టి గీత లాగినవారికి 2025 ఎక్కడా కనిపించదు. విదేశీ గిరాకీ, నిల్వలు, పక్క రాష్ట్రాల పంట, తెగులు, వాన, వీటిలో ఏదీ నెలకు ఇంత అని నడిచేది కాదు.

కాబట్టి ధరకు గీత బదులు చుక్కలు పెట్టాలి. వారానికొక రోజు, తన రకానికి, తన నాణ్యానికి యార్డులో పలికిన ధరను ఆ వారం మీద చుక్కగా వేస్తూ పోతే, చుక్కలు ఖర్చు గీతకు పైన వున్నాయా, కింద వున్నాయా అన్నది ఎవరినీ అడగనక్కర లేదు. తేజ నిల్వ పెట్టి 334 ధర చుక్కలు వేసుకుంటే మాత్రం కాగితం వృథా.

ఇంతకన్నా ముఖ్యమైన తప్పు ఇంకొకటి వుంది. నాలుగు నెలలు గడిచాయి, ఖర్చు గీత 13,220 దగ్గర వుంది, యార్డులో ధర 12,700 అనుకుంటే, గిడ్డంగిలో సరుకున్న మనిషి సాధారణంగా అనే మాట: "అసలు రానీండి, అప్పుడు అమ్ముదాం." ఈ మాటలో పాత గీతకు కొత్త పని చెప్పడం జరుగుతోంది. పోయిన రు. 500 అద్దె, నడిచిన రు. 720 వడ్డీ ఆరోజు అమ్మినా తిరిగి రావు, అమ్మకపోయినా తిరిగి రావు. ఆ రోజున వేయవలసినది కొత్త గీత. అది 12,700 దగ్గర, నాలుగో నెల మీద మొదలుకావాలి. ఎందుకంటే ఆ రోజు అమ్మితే చేతికొచ్చే సొమ్ము అదే. దాని మీద రూపాయిన్నర చొప్పున నెలకు రు. 190.50 వాలు. ధర ఇకముందు ఆ గీతకన్నా వేగంగా ఎక్కుతుందన్న నమ్మకం వుంటే ఆగవచ్చు. లేకపోతే, 13,220 దాకా ఎదురుచూడడం నష్టాన్ని నిల్వ పెట్టడమే. ఎనిమిదో నెలకు 13,220 నిజంగానే వచ్చిందనుకున్నా, కొత్త గీత అప్పటికి 13,462 దగ్గర వుంటుంది. "అసలు వచ్చింది" అనుకున్నవారికి, నాలుగో నెలలో అమ్మి సొమ్ము తిప్పుకున్నవారికన్నా క్వింటాలుకు రు. 242 తక్కువ.

దీనికి తిరగవేసిన న్యాయం కూడా వుంది. అద్దె సీజనుకంతటికీ పడేసినదే కాబట్టి, ఇంకో నెల ఆగడానికి ఖర్చు వడ్డీ మాత్రమే. "అద్దె పెరిగిపోతోంది" అని తొందరపడి అమ్మనక్కర లేదు. ఐతే సీజను గడువు దాటిందా, రెండో సీజను అద్దె పడుతుంది. గీత ఆ రోజున మెట్టులా ఒక్కసారి పైకి లేస్తుంది. సరళరేఖ ఆ మెట్టు దాకానే చెల్లుతుంది.

రెండు కొసలు కలిపే పద్ధతి

మూడవ పద్ధతి, చేతిలో వున్న సొమ్మును రెండు రకాల సరుకు మధ్య పంచవలసి వచ్చినపుడు పనికొస్తుంది. రు. 6 లక్షలతో తేజ క్వింటాలు 15,000 చొప్పున, 334 క్వింటాలు 12,000 చొప్పున కొనాలనుకుంటే, 15,000 × తేజ + 12,000 × 334 రకం = 6,00,000. అడ్డగీత మీద తేజ క్వింటాళ్ళు, నిలువు గీత మీద 334 క్వింటాళ్ళు. సొమ్మంతా తేజకే పెడితే 40 క్వింటాళ్ళు. అది అడ్డగీత మీద ఒక చుక్క. అంతా 334కే పెడితే 50 క్వింటాళ్ళు. అది నిలువు గీత మీద ఒక చుక్క. రెండూ కలిపితే గీత వచ్చేసింది. పట్టీ అక్కరలేదు. ఈ గీత కుడికి పోయేకొద్దీ దిగుతుంది: నాలుగు క్వింటాళ్ళ తేజ పెంచుకుంటే అయిదు క్వింటాళ్ళ 334 వదులుకోవాలి. గీతకు కింది భాగమంతా చేతిసొమ్ముకు లోబడిన బేరం, పైభాగం అప్పు బేరం.

గిడ్డంగిలో వంద టిక్కీలకే, అంటే 45 క్వింటాళ్ళకే చోటు దొరికిందనుకుంటే, అదే కాగితం మీద ఇంకో గీత: అడ్డగీత మీద 45, నిలువు గీత మీద 45, రెండూ కలిపినది. రెండు గీతలూ తేజ 20, 334 రకం 25 దగ్గర కలుస్తాయి. సరిచూస్తే ఒక్కొక్క రకానికి మూడేసి లక్షలు. సొమ్మూ మిగలదు, చోటూ మిగలదు. ఆ చుక్కకు కుడివైపున సొమ్ము ముందు అయిపోతుంది, ఎడమవైపున చోటు ముందు అయిపోతుంది. ఎక్కడ ఏది అడ్డు పడుతుందో తెలిస్తే అప్పుకోసం పరుగెత్తాలా, ఇంకో గిడ్డంగిని అడగాలా అన్నది తేలుతుంది.

వర్తకానికీ గీతలకూ సంబంధం కొత్తది కాదు. రెండు గీతల మధ్య చుక్కను రెండు అంకెలతో గుర్తించే పద్ధతిని ఫ్రాన్సు దేశస్థుడు డెకార్ట్ 1637లో ప్రకటించాడు. దానిని వ్యాపార లెక్కలకు దించినది విలియం ప్లేఫేర్. 1786లో లండనులో వేసిన పుస్తకంలో ఇంగ్లండు ఎగుమతులకు ఒక గీత, దిగుమతులకు ఒక గీత గీసి, వాటి నడుమ జాగాలోనే లాభనష్టాలు చూపించాడు. తెలుగునాట పావులూరి మల్లన సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాలలోకి తెచ్చింది అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందు; ఆ గణితంలో బేరాల లెక్కలు, వడ్డీ లెక్కలు దండిగా వున్నాయి, గీతలు మాత్రం లేవు.

పత్తిలో ఇదే లెక్క

మిరపలో అడ్డగీత మీద కాలం వుంటే, పత్తిలో కండి ధర వుంటుంది. జిన్నింగ్ మిల్లువారు విడిపత్తిని ఎంతకు కొనవచ్చునన్నది దూది కండి ధరనుబట్టి, గింజ ధరనుబట్టి వుంటుంది. క్వింటాలు పత్తికి 34 కిలోల దూది, 64 కిలోల గింజ, మిగతా తరుగు అనుకొని, గింజ కిలో రు. 35, ఆడించి బేలు కట్టే ఖర్చులు క్వింటాలు పత్తికి రు. 300 అని వేసుకుంటే, గింజ సొమ్ములో ఖర్చు పోగా మిగిలేది రు. 1,940. ఇది నిలువు గీతను తాకే చోటు. కండి 355.62 కిలోలు కాబట్టి, కండి మీద వెయ్యి రూపాయలు పెరిగితే 34 కిలోల దూది మీద రు. 95.60 పెరుగుతుంది. ఇది వాలు. కండి 50,000 వున్నపుడు పత్తి 6,720 దాకా గిట్టుతుంది, 56,000 వున్నపుడు 7,294 దాకా, 60,000 వున్నపుడు 7,676 దాకా. మూడు చుక్కలూ ఒకే గీత మీద పడతాయి.

గింజ ధర కిలోకు ఒక రూపాయి తగ్గితే గీత వాలు మారదు, మొత్తం రు. 64 కిందికి జరుగుతుంది. దూది శాతం తగ్గితే గీత వాలే పడిపోతుంది. 34 బదులు 33 కిలోలే దిగితే వెయ్యికి పెరిగేది రు. 92.80 మాత్రమే, గింజ ఒక కిలో ఎక్కువ వచ్చినా, కండి 56,000 దగ్గర క్వింటాలుకు రు. 122 దాకా పోతుంది. కండి ధర ఎక్కువగా వున్న రోజుల్లో ఈ నష్టం ఇంకా ఎక్కువ. దళారులు గింజ ధర గురించి ఎంత మాట్లాడినా, ధరలు ఊపుమీద వున్నపుడు చూడవలసినది దూది శాతమూ, తేమా.

గీతను వెనకనుంచి కూడా చదవవచ్చు. 2024-25లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర రు. 7,521. కాగితం మీద ఆ ఎత్తున అడ్డంగా ఒక గీత లాగితే, అది మిల్లు గీతను తగిలేచోట కిందికి చూస్తే కండి సుమారు రు. 58,400. దూది అంతకు తక్కువ పలికినంతకాలం, పై అంకెలున్న మిల్లు మద్దతు ధరకు కొనలేదు. మంచి పత్తి సీసీఐ కేంద్రం దారి పడుతుంది. 2025-26కు అదే పత్తికి మద్దతు ధర రు. 8,110 కావడంతో అడ్డగీత పైకి జరిగి, తగిలేచోటు రు. 64,500 దగ్గరకు పోయింది. గింజ కిలో రు. 40 పలికితే మిల్లు గీత రు. 320 పైకి లేచి, ఆ చోటు రు. 61,200 దగ్గరకు తిరిగి వస్తుంది.